సెల్‌బోర్న్ గ్రామపు పక్షుల సాక్షి: గిల్బర్ట్ వైట్ అయ్యగారి జీవితము



మన ప్రభువు కొండమీద ప్రసంగించినప్పుడు, రేపటిని గూర్చి చింతించుచున్న జనుల దృష్టిని ఆకాశపక్షుల వైపు త్రిప్పెనని మత్తయి సువార్త 6వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బోధను మనము ఎన్నోసారులు విన్నాము. పరలోకపు తండ్రి మనలను పోషించునను భాగమును జ్ఞాపకముంచుకొన్నాము. అది మంచిదే. అయితే ఆ బోధలోని మొదటి పనిని, అనగా నిలువబడి పక్షిని చూచు పనిని, మనలో ఎందరు చేసియున్నారు? మన యింటి చూరులో గూడు పెట్టిన పిచ్చుక పిల్లలకు ఏమి తెచ్చి పెట్టునో మనము ఎరుగుదుమా? మన చెరువుగట్టున వ్రాలు కొంగలు ఎన్ని రకములో చెప్పగలమా? ఈ ప్రశ్నలు మమ్మును మేమే అడుగుకొని సిగ్గుపడినవారము.

ఈ నెల మేము మీ యెదుట పెట్టు జీవితము అట్టి పనిని నలువది సంవత్సరములకు పైగా చేసిన ఒక పల్లెటూరి పాదిరిగారిది. ఆయన రాజులకు ప్రసంగించలేదు. దూరదేశములకు పోలేదు. తాను పుట్టిన ఊరిలో, తన ఇంటి చుట్టు ఎగురు పక్షులను చూచి, చూచినది చూచినట్లు స్నేహితులకు ఉత్తరములు వ్రాసెను. ఆ ఉత్తరముల పుస్తకము రెండు వందల సంవత్సరములు దాటినను చావలేదు. ఎందుచేత చావలేదో ఆలోచించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గిల్బర్ట్ వైట్ 1720వ సంవత్సరము జూలై 18వ తేదీన ఇంగ్లండు దేశములోని హాంప్‌షైరు జిల్లాలో సెల్‌బోర్న్ అను గ్రామమున పుట్టెను. ఆ ఊరు లండను నగరమునకు నైరుతి దిక్కున సుమారు 50 మైళ్ల దూరములో ఉన్నది. ఊరికి ఒక ప్రక్కన బీచ్ చెట్లతో నిండిన నిటారు కొండ గలదు. ఆయన తాతగారి పేరును గిల్బర్ట్ వైటే. ఆ తాతగారు ఆ ఊరి సంఘ కాపరి. బాలుడు ఆ కాపరి ఇంటిలోనే పుట్టెను. తాతగారు మరణించిన తరువాత ఆ కుటుంబము గుడికి ఎదురుగా నున్న వేక్స్ అను ఇంటికి చేరెను. వైట్ అయ్యగారు తుదకు కన్నుమూసినది ఆ యింటిలోనే.

ఆయన ఆక్స్‌ఫర్డు నగరములోని ఓరియల్ కళాశాలలో చదువుకొనెను. 1743లో పట్టము పొందెను. మరుసటి సంవత్సరము ఆ కళాశాలలో ఫెలోగా ఎన్నికయ్యెను. 1749లో గురుత్వాభిషేకము పొందెను. అట్టి చదువు గలవానికి పెద్ద పదవులు దొరకుట ఆ కాలమున కష్టము కాదు. 1757లో ఆయన ఓరియల్ కళాశాల అధిపతి పదవిని కోరెను గాని అది వేరొకనికి పోయెను. తన స్వగ్రామపు కాపరి పదవియైనను ఆయనకు దక్కలేదు. సెల్‌బోర్న్ సంఘమునకు కాపరిని నియమించు హక్కు మాగ్డలెన్ అను వేరొక కళాశాలకు ఉండెను. ఆ కళాశాల తన సభ్యులకే ఆ పదవిని ఇచ్చుచుండెను. కాబట్టి ఆయన అక్కడ సహాయ కాపరిగా మాత్రమే పనిచేయగలిగెను. ప్రక్క ఊరైన ఫారింగ్‌డన్‌లో 1761 మొదలు 1784 వరకు సహాయ కాపరిగా సేవచేసెను. 1784 నుండి మరణించువరకు సెల్‌బోర్న్‌లో అదే హోదాలో ఉండెను. తాతగారు పెద్దగా నిలిచిన బలిపీఠము నొద్ద మనుమడు సహాయకుడుగా నిలిచెను.

ఆయనను దోషము లేని పరిశుద్ధునిగా చూపుట మా ఉద్దేశము కాదు. దూరమున నున్న మోర్టన్ పింక్నీ అను సంఘము ఆయన పేరనుండెను. ఆయన అక్కడ కాపురముండక దాని ఆదాయమును పుచ్చుకొనెను. ఆ దినములలో అది అనేకుల వాడుక. అయినను అది మనము అనుసరింపదగిన మాదిరి కాదు. ఆయన చేసిన మేలును చెప్పునప్పుడు దీనిని దాచుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము.

పెద్ద పదవులు తప్పిపోయినవాడు కొన్నిసార్లు మనస్సు చేదు చేసికొని, ఉన్న చోటును ద్వేషించును. వైట్ అయ్యగారు ఆలాగు చేయలేదు. 1751లోనే ఆయన తన తోటను గూర్చి ఒక పుస్తకము వ్రాయ నారంభించెను. ఏ దినమున ఏ విత్తనము నాటెనో, ఎప్పుడు మొలిచెనో, ఎప్పుడు మంచు పడెనో అందులో గుర్తువేసెను. 1753లో ఆయనయు ఆయన తమ్ముడు జానును కలిసి ఊరి ప్రక్క కొండమీదికి వంకరలు తిరిగిన దారిని త్రవ్వించిరి. ఆ దారి నేటికిని ఉన్నది. 1768 మొదలుకొని దినదినము వర్షము, గాలి, పూలు, పక్షుల రాకపోకలు వ్రాయుచు, చనిపోవుటకు కొద్ది దినముల ముందు వరకు మానలేదు. మన రైతులు తొలకరి ఏ కార్తెలో వచ్చెనో జ్ఞాపకముంచుకొందురు గదా! ఆయన అట్టి జ్ఞాపకములను కాగితముమీద పెట్టెను.

ఆ కాలమున పక్షులను గూర్చిన పుస్తకములు లేకపోలేదు. ఫ్రాన్సిస్ విలబీ అను పండితుడు మొదలుపెట్టిన గ్రంథమును, ఆయన మరణానంతరము జాన్ రే అను విద్వాంసుడు ముగించి లాటిను భాషలో 1676లోను, ఇంగ్లీషులో 1678లోను ప్రచురించెను. అది గొప్ప గ్రంథమే. 1766 మొదలు థామస్ పెన్నెంట్ అను పెద్దమనిషి బ్రిటిషు జంతువులను గూర్చి పుస్తకములు వెలువరించెను. అయితే ఇట్టి గ్రంథములలో ఎక్కువ భాగము పక్షి పొడవు ఎంత, రెక్కల రంగు ఏది, ముక్కు ఆకారము ఏలాటిది అను కొలతలే. చచ్చిన పక్షిని బల్లమీద పెట్టి కొలిచినను ఆ సంగతులు తెలియును. బ్రతికిన పక్షి ఏమి చేయునో, ఏలాగు పాడునో, దేనికి భయపడునో తెలియవలెనన్న, దానితోకూడ ఒకే ఊరిలో కాపురముండి ఓపికతో చూచినవాడు చెప్పవలెను.

1767లో వైట్ అయ్యగారు పెన్నెంట్ గారికి ఉత్తరములు వ్రాయ నారంభించెను. తరువాత డెయిన్స్ బారింగ్టన్ అను న్యాయవాదికిని వ్రాసెను. ఇవి స్నేహితుల ఉత్తరములు. అందుచేత వాటిలో వ్రాసినవాని స్వరము వినబడును. తాను ఎక్కడ నిలువబడి చూచెనో, ఎవరు తోడుగా ఉండిరో, ఏది నిశ్చయమో, ఏది అనుమానమో అన్నియు చెప్పును. చదువువాడు ఆయన ప్రక్కనే కొండదారిలో నడుచునట్లు తోచును.

ఆయన చెవి ఎంత శ్రద్ధ గలదో ఒక ఉదాహరణము చెప్పుదుము. విల్లో రెన్ అను చిన్న పచ్చని పిట్ట ఒకే జాతియని అప్పటివారు అనుకొనిరి. వైట్ అయ్యగారు అవి పాడు పాటలను విని, అది ఒకటి కాదు, మూడు జాతులని 1768లో తేల్చిచెప్పెను. నేడు వాటిని చిఫ్‌చాఫ్, విల్లో వార్‌బ్లర్, వుడ్ వార్‌బ్లర్ అని పిలుచుచున్నారు. చేతబట్టి చూచిన పండితులకు ఒకటిగా కనబడినవి, చెట్టుక్రింద నిలిచి వినిన పాదిరిగారికి మూడుగా వినబడెను. గొఱ్ఱెల కాపరి తన మందలోని ప్రతి గొఱ్ఱె అరుపును గుర్తుపట్టును గదా!

మార్టిన్ అను పిట్ట ఇండ్ల చూరుల క్రింద మట్టితో గూడు కట్టును. వానకోవెలకు అది దగ్గరి చుట్టము. వీపు నల్లగాను, నడుము తెల్లగాను ఉండుననియు, మట్టి గూడు కట్టుననియు వ్రాసి ఊరకుండినయెడల అబద్ధము కాదు గాని, ఆ మాటలలో పక్షి కదలదు. వైట్ అయ్యగారు ఏమి వ్రాసెనో చూడుడి. ఆ పిట్ట ప్రొద్దుటి పూట మాత్రమే గూడు పని చేయుననియు, దినమునకు సుమారు అర అంగుళము మట్టి మాత్రమే పెట్టి, మిగిలిన ప్రొద్దంతయు మేతకును ఆటకును పోవుననియు ఆయన గమనించెను. పెట్టిన మట్టి ఆరి గట్టిపడకముందు మరల పెట్టినయెడల బరువునకు గూడు జారిపడును. మట్టిగోడ కట్టు తెలివిగల పనివాడు ఒక వరుస పెట్టి అది ఆరిన తరువాతనే రెండవది పెట్టునని ఆయన పోల్చి చెప్పెను. ఈలాగు పది పండ్రెండు దినములలో గూడు పూర్తియగును. చదువరులారా, మనలో మట్టిగోడ కట్టినవారు, కట్టగా చూచినవారు ఎందరో ఉన్నారు. ఈ సంగతి చదివినవెంటనే ఆ పిట్ట మనకు తోటి పనివాడుగా కనబడుట లేదా? అంత పాటుపడి కట్టిన గూటిని పిచ్చుక దూరి ఆక్రమించుకొనుటయు కలదని ఆయన దాచక వ్రాసెను.

ఆయన ఉత్తరములలో మేము ఎన్నటికిని మరువలేనిది బొంతకాకి కథ. ఆ ఊరి సమీపమున ఒక చిన్న అడవిలో పెద్ద ఓకు చెట్టు ఉండెను. దాని మధ్యభాగము ఉబ్బి బయటికి వచ్చియుండుటచేత ఎంతటి చురుకైన కుఱ్ఱవాడును దాని పైకి ఎక్కలేకపోయెను. అందుచేత బొంతకాకుల జంట ఏటేట అక్కడ గూడు పెట్టి క్షేమముగా ఉండెను. ఒక వంతెనకు పొడవైన దూలములు కావలసి ఆ అడవిలోని చెట్లను నరకిరి. ఫిబ్రవరి నెలలో, ఆ పక్షి గ్రుడ్లమీద కూర్చున్న కాలములోనే, ఆ చెట్టునకు గొడ్డలి పెట్టిరి. మొదలు నరుకుచుండగా, మేకులు కొట్టుచుండగా, అడవి మారుమ్రోగుచుండగా, చెట్టు ఊగుచుండగా తల్లి లేవలేదు. చెట్టు కూలినప్పుడు గూటినుండి విసరివేయబడి, కొమ్మల దెబ్బలకు చచ్చి నేలమీద పడెను. ఆ తల్లి ప్రేమకు అంతకన్న మంచి ముగింపు రావలసినదని మాత్రము ఆయన వ్రాసి ఊరకుండెను. ఏడ్వుమని మనకు చెప్పలేదు, ప్రసంగము చేయలేదు. అయినను చదివినవాడెవడును ఆ తరువాత గూడున్న చెట్టుమీద గొడ్డలి ఎత్తుటకు ముందు ఒకసారి పైకి చూడకుండ ఉండలేడు.

చూచి చెప్పిన సత్యము జీవులను అన్యాయపు నిందనుండి విడిపించును. నైట్‌జార్ అను పక్షి రాత్రివేళ ఎగిరి పురుగులను తినును. పగలు ఎండుటాకులలో కలిసిపోయి కనబడదు. అది మేకల పాలు త్రాగుననియు, దూడలను పొడిచి జబ్బు కలిగించుననియు ఆ దేశపు పల్లెప్రజలు నమ్మిరి. నమ్మినచోట దానిని ద్వేషించిరి. ఒక జాతి ఈగ పశువుల వీపున గ్రుడ్లు పెట్టగా ఆ పురుగులు చర్మములో తొలుచుటవలన ఆ జబ్బు కలుగుచున్నదనియు, పక్షి నిరపరాధియనియు వైట్ అయ్యగారు వివరించెను. ఆ పక్షిని గూర్చియే ఇంకొక సంగతి చెప్పెను. కొండ ప్రక్కన గడ్డితో వేసిన చిన్న పాకలో ఆయన ఇరుగుపొరుగువారు కూడి టీ త్రాగుచుండిరి. అంతలో ఒక నైట్‌జార్ ఆ పాకమీద వ్రాలి రాట్నము తిప్పినట్లు అరవసాగెను. ఆ చిన్న ప్రాణి కంఠధ్వనికి పాక అంతయు కంపించుట చూచి అందరును ఆశ్చర్యపడిరి. ఒకప్పుడు నిందకు గురియైన పక్షిని, ఇట్లు టీ త్రాగువేళ వచ్చిన అతిథిని చేసెను. మన పల్లెలలో గుడ్లగూబ ఇంటిమీద వ్రాలినయెడల కీడు అని భయపడి రాళ్లు రువ్వువారు లేకపోలేదు. అది మన ధాన్యమును తిను ఎలుకలను పట్టుచున్నదని తెలిసినవారు రాయి క్రింద పడవేయుదురు.

ఆయన రాతలలో నవ్వును ఉన్నది. ఆయన మిత్రుడొకడు శ్రుతి చూచుకొను చిన్న పీకతో గుడ్లగూబల కూతలను పరీక్షించి, అవన్నియు ఒకే స్వరములో, అనగా బీ ఫ్లాట్ అను స్వరములో కూయునని చెప్పెను. ఇంకొక మిత్రుడు చూడగా వేరు వేరు స్వరములు వినబడెను. రెండును ఆయన వ్రాసెను. తేనెటీగలకు చెవులున్నవా అని తెలిసికొనుటకు పెద్ద బూరతో వాటి పెట్టె యొద్ద కేకలు వేసెను. అవి లక్ష్యపెట్టక తమ పని చేసికొనెను. ఆయన మేనత్తగారి యొద్ద తిమోతి అను తాబేలుండెను. ఆమె మరణించిన తరువాత 1780లో దానిని శీతకాలపు నిద్రలో ఉండగానే నేలలోనుండి త్రవ్వి, బండిలో 80 మైళ్లు తీసికొనివచ్చెను. తనకు ముప్పది ఏండ్లకు పైగా మేత పెట్టిన వృద్ధురాలిని అది గుర్తుపట్టి ఆమెయొద్దకు వచ్చుటను ఆయన ముందే చూచి, యెషయా మొదటి అధ్యాయములోని ఎద్దును గూర్చిన మాటను జ్ఞాపకము చేసికొనెను. తిమోతి అని మగపేరు పెట్టిన ఆ తాబేలు ఆడదని దాని మరణానంతరము తెలిసెను.

నేలలోని వానపామును సయితము ఆయన తృణీకరింపలేదు. అవి మట్టిని తొలిచి గుల్లచేయనియెడల పొలము గట్టిపడి నిస్సారమగునని 1777లో ఒక ఉత్తరములో తెలిపెను. సుమారు నూరు సంవత్సరముల తరువాత, 1881లో, చార్లెస్ డార్విన్ ఆ విషయముమీద ఒక గ్రంథమునే ప్రచురించెను. డార్విన్ చిన్ననాట వైట్ అయ్యగారి పుస్తకము చదివి, అందరును పక్షులను చూచువారు ఏల కాకపోయిరో అని ఆశ్చర్యపడినవాడే.

ఇప్పుడు ఆయన తెలిసికొనలేకపోయిన దానిని చెప్పవలెను. వానకోవెలలు చలికాలములో ఇంగ్లండు దేశములో కనబడవు. అవి ఎక్కడికి పోవును? అవి చెరువుల అడుగునను, గోతులలోను నిద్రపోవునని అనేకులు, పండితులు సయితము, నమ్మిరి. పక్షులు తమ రాకపోకల సమయము తప్పకుండుటను చూపి యిర్మీయా ప్రవక్త తన జనులను గద్దించిన సంగతి 8వ అధ్యాయములో మనము ఎరుగుదుము. సమయము సరే, స్థలము ఎక్కడ? ఈ ప్రశ్న వైట్ అయ్యగారిని జీవితాంతము వెంటాడెను. జిబ్రాల్టరు కోటలో పాదిరిగా నున్న ఆయన తమ్ముడు జాన్, పక్షులు సముద్రము దాటి ఆఫ్రికా వైపు పోవుటను చూచి వ్రాసెను. అది బలమైన సాక్ష్యము. అయినను శీతకాలపు ఆరంభమున ఎండకాచిన దినములలో లేతపిట్టలు తిరిగి కనబడుటను ఆయన తన కన్నులతో చూచెను. కాబట్టి కొన్ని పోవుననియు, కొన్ని ఇక్కడనే దాగుననియు అనుమానించి, పొదలను రంధ్రములను మనుష్యులచేత వెదకించెను. ఒక్క పిట్టయు దొరకలేదు. దొరకలేదనియే వ్రాసెను. తన అనుమానమును నిశ్చయమని ఎవరికిని చెప్పలేదు.

ఆయన మరణించి నూరేండ్లు దాటిన తరువాత జవాబు వచ్చెను. 1911 మే నెలలో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరులో ఒక వానకోవెల కాలికి చిన్న ఉంగరము తొడిగిరి. 1912 డిసెంబరులో ఆ ఉంగరముతోనే ఆ పక్షి దక్షిణ ఆఫ్రికాలోని నాటాలు ప్రాంతమున దొరకెను. ఆసియా ఖండపు ఉత్తర భాగములలో పుట్టిన వానకోవెలలు చలికాలములో మన తెలుగు దేశమునకును వచ్చి, కరెంటు తీగలమీద బారులు తీరి కూర్చుండి, వరిచేలమీద పురుగులను పట్టుకొనును. వైట్ అయ్యగారు వెదకిన జవాబులో ఒక తునక ఏటేట మన పొలములమీద ఎగురుచున్నది. మనము తలయెత్తి చూచుచున్నామా?

ఆయన సరిగా ఊహించినవి కూడ కలవు. స్విఫ్ట్ అను పక్షి తినుట, త్రాగుట, జతకూడుట సయితము గాలిలోనే చేయునని ఆయన వ్రాసెను. అది అతిశయోక్తి కాదని తరువాతివారు తెలిసికొనిరి. 2016లో స్వీడన్ దేశపు లుండ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ పక్షులకు చిన్న యంత్రములు కట్టి, వాటిలో కొన్ని పది నెలలు నేల తాకకుండ గాలిలోనే ఉండగలవని కనుగొనిరి.

స్నేహితులు బలవంతము చేయగా ఆయన తన ఉత్తరములను కూర్చెను. పెన్నెంట్ గారికి వ్రాసినవి 44, బారింగ్టన్ గారికి వ్రాసినవి 66, మొత్తము 110. లండనులో పుస్తకముల వ్యాపారము చేయు ఆయన తమ్ముడు బెంజమిన్, సెల్‌బోర్న్ ప్రకృతి చరిత్రయు పురాతన విశేషములును అను పేరుతో 1789లో వాటిని ప్రచురించెను. అప్పటికి అయ్యగారి వయస్సు 68. ఆయన జీవితకాలములో అచ్చయిన ఆయన పుస్తకము అది యొక్కటే. నాటినుండి నేటివరకు అది మరల మరల అచ్చగుచునే ఉన్నది.

ఆయన వేసిన బాటలో తరువాత అనేకులు నడిచిరి. థామస్ బ్యూయిక్ అను చెక్క చెక్కడపు పనివాడు 1797లోను 1804లోను బ్రిటిషు పక్షుల పుస్తకమును రెండు భాగములుగా వెలువరించి, సామాన్యులు పక్షిని చూచి పేరు పట్టుకొనునట్లు చేసెను. మన దేశములో సాతారాలో ఒక స్కాట్లండు మిషనెరీ కుమారుడుగా 1851లో పుట్టిన ఎడ్వర్డ్ హామిల్టన్ ఎయిట్కెన్, బొంబాయి నగరపు పక్షులను గూర్చి నవ్వు పుట్టించునట్లు 1900లో ఒక పుస్తకము వ్రాసెను. 1941లో సలీం అలీ గారి భారతదేశ పక్షుల పుస్తకము వచ్చెను. పక్షిని గుర్తుపట్టుటకు కొలతలును రంగులును కావలెను, సందేహము లేదు. అయితే కొలతలు మాత్రమే గల పుస్తకమును మనము ఒకసారి తెరచి పేరు చూచుకొని మూసివేయుదుము. చూచినవాని ఆనందమును, అతని పొరపాటును, అతని నవ్వును గల పుస్తకమును దీపము దగ్గర కూర్చుండి చదువుదుము. చదివి, తెల్లవారగానే బయటికి పోయి చూడగోరుదుము. చదివినవానిని ఇల్లు విడిచి పక్షి యొద్దకు పంపునదే మంచి పక్షుల పుస్తకము.

వైట్ అయ్యగారు పెండ్లి చేసికొనలేదు. కడపటి వరకు గుడిలో ఆరాధన జరిపించుచు, బాప్తిస్మములు ఇచ్చుచు, చనిపోయినవారిని పాతిపెట్టుచు ఉండెను. 1793వ సంవత్సరము జూన్ 26వ తేదీన, 72 ఏండ్ల వయస్సున, ప్రభువునందు నిద్రించెను. తన మరణశాసనములో ఒక కోరిక వ్రాసెను. తన శవమును ఆరుగురు దినకూలీలు మోయవలెను. పెద్ద కుటుంబములను పెంచినవారిని అందుకు ఏర్పరచవలెను. ఒక్కొక్కరికి పది షిల్లింగులు ఇయ్యవలెను. ఆలాగు గుడి ఆవరణలో ఆయనను సమాధి చేసిరి. సమాధి రాతిమీద ఆయన పేరులోని రెండు పొడి అక్షరములును, మరణ దినమును తప్ప వేరొకటి లేదు. ఆ గుడియొద్ద ఆయన ఎరిగిన మహా యూ వృక్షము 1990 జనవరిలో గాలివానకు కూలెను. గుడిలో ఆయన జ్ఞాపకార్థము 1920లో పెట్టిన కిటికీ అద్దముమీద, పరిశుద్ధుడైన ఫ్రాన్సిస్ పక్షులకు బోధించుట చిత్రింపబడెను. ఆ చిత్రములో సెల్‌బోర్న్ పక్షులే కూడియున్నవి. ఆయన ఇల్లు 1955 నుండి చూపుశాలగా ఉన్నది.

ప్రియులారా, ఈ జీవితమునుండి మేము నేర్చుకొన్న ఒక్క సంగతి చెప్పి ముగింతుము. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాడు చూపు పొందిన తరువాత, పరిసయ్యులు వానిని పెద్ద ప్రశ్నలతో ఇరికింపజూచిరి. వాడు తనకు తెలియని దానిని తెలియదనెను. తనకు జరిగిన దానిని జరిగెననెను. ఆ చిన్న సాక్ష్యమును వారు త్రోసివేయలేక, వానినే వెలివేసిరి. వైట్ అయ్యగారి రాతల బలము ఇదే. ఆయన చూచినది చెప్పెను, చూడనిది చెప్పలేదు. వినినదానిని వినినట్టు, అనుమానమును అనుమానమని చెప్పెను. దానిని ప్రేమతో చెప్పెను.

మన కూటములలో సాక్ష్యమిచ్చునప్పుడు మనము తరచుగా ఇతరుల మాటలను అప్పు తెచ్చుకొందుము. గంభీరమైన పదములు వాడుదుము గాని మన స్వరము అందులో వినబడదు. ప్రభువు మన యింటిలో ఏ దినమున ఏమి చేసెనో, ఏ కష్టములో మన చేయి పట్టుకొనెనో, ఏ ప్రార్థనకు జవాబు ఇంకను దొరకలేదో, ఉన్నది ఉన్నట్లు చెప్పినయెడల, వినువాడు లేచి తానును ప్రభువును వెదకపోవును. కొలతలవంటి సాక్ష్యము వినబడి మరువబడును. చూచినవాని సాక్ష్యము బ్రతుకును.

మీ సేవ చిన్న ఊరిలోనిదా? మీకు రావలసిన స్థానము వేరొకరికి పోయెనా? మీరు తలంచిన గొప్ప పనికి తలుపు మూయబడెనా? సెల్‌బోర్న్ సహాయ కాపరిని తలంచుకొనుడి. ఆయనకు ఇయ్యబడినది ఒక్క చిన్న ఊరు, దానిమీది ఆకాశము. దానిని ఆయన చూచెను, ప్రేమించెను, నమ్మకముగా చెప్పెను. 84వ కీర్తనలో దేవుని బలిపీఠము నొద్ద గూడు కట్టుకొనిన వానకోవెలను మనము చదువుచున్నాము. రేపు ప్రొద్దున గుడికి వచ్చునప్పుడు, లోపలికి పోకముందు ఒక నిమిషము నిలిచి చూరు వైపు చూడుడి. అక్కడ ఏ పిట్ట ఉన్నదో, అది ఏమి చేయుచున్నదో చూచి, ఇంటికి పోయి మీ పిల్లలకు చెప్పుడి.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.